కంచుకోట అనే ముందు



ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే చాలు, కడప పార్లమెంటు స్థానం గురించి రాసే ప్రతి వార్తలోనూ ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది. కంచుకోట. ఫలానా పార్టీకి కంచుకోట, ఫలానా కుటుంబానికి కంచుకోట. జమ్మలమడుగు పక్కన పుట్టి పెరిగిన నాకు ఆ మాట చదివినప్పుడల్లా మా ఊళ్లకు దగ్గర్లో ఉన్న అసలు కోట గుర్తుకొస్తుంది. అదే గండికోట. ఎర్రమల కొండల్ని పెన్నేరు చీల్చుకుని పోయిన చోట, గండి అంచున కట్టిన కోట. ఒక పక్క కిందికి చూస్తే కళ్లు తిరిగే లోయ, మిగతా పక్కల ఎత్తైన ప్రాకారం. పెమ్మసాని నాయకులు ఏలిన రోజుల్లో దాన్ని కొట్టేవాడు పుట్టలేదనుకున్నారు. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఫిరంగులు తెచ్చి కొట్టాడు. ఆ తర్వాత కడప నవాబులు వచ్చారు, హైదరాలీ వచ్చాడు, టిప్పు వచ్చాడు, నిజాం వచ్చాడు, 1800లో కుంఫిణీ వచ్చింది. రాళ్లు అక్కడే ఉన్నాయి, ఏలినవాళ్లు మారుతూ పోయారు.

అందుకని మా పక్కవాళ్లకు కంచుకోట అంటే ఎవరూ గెలవలేనిది అని అర్థం కాదు. ఇంకా ఎవరూ గెలవనిది అని అర్థం. ఈ రోజు ఆ మాటను కాసేపు పక్కన పెడదాం. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల, వాటి చుట్టుపక్కల ఊళ్లు ఇన్నేళ్లలో ఢిల్లీకి ఎవరిని పంపాయో, ఎన్ని ఓట్లతో పంపాయో వరసగా చెప్పుకుందాం. అంకెలు కొన్ని వస్తాయి. రాసుకోనక్కర్లేదు, వింటే చాలు.

కథ 1952లో మొదలైందని అందరూ అనుకుంటారు. అంతకుముందు కూడా మా నేలకు ఢిల్లీలో ఒక కుర్చీ ఉండేది. బ్రిటిషువాళ్ల కాలంలో కేంద్ర శాసనసభ అని ఒకటి ఉండేది కదా, దానికి మద్రాసు రాష్ట్రం నుంచి ఎన్నికయ్యే స్థానాల్లో ఒకదాని పేరు ‘దత్తమండలాలు, చిత్తూరు’. నిజాం కుంఫిణీకి దత్తం చేసిన జిల్లాలు కాబట్టి దత్తమండలాలు. కడప, కర్నూలు, అనంతపురం, బళ్లారి, వాటికి తోడు చిత్తూరు. ఇప్పుడు ఆ నేల మీద దాదాపు తొమ్మిది పార్లమెంటు స్థానాలు ఉన్నాయి. అప్పుడు ముస్లిమేతర గ్రామీణ ఓటర్లందరికీ కలిపి ఒక్కటే. 1934లో ఆ స్థానం నుంచి గెలిచినవారు మాడభూషి అనంతశయనం అయ్యంగారు. తర్వాత లోక్‌సభ స్పీకరైన ఆయనే. మన పక్క మనుషులకు ఢిల్లీ సభలో మొదట గొంతు దొరికింది అలాంటివారి ద్వారా.

కానీ ఆ గొంతు ఎంతమందిదనేది కూడా చూడాలి. 1934లో దేశం మొత్తం మీద కేంద్ర శాసనసభకు ఓటు ఉన్నవాళ్లు సుమారు 14 లక్షలు. పన్ను కట్టేవాడికి, ఆస్తి ఉన్నవాడికి మాత్రమే ఓటు. నేడు ఒక్క కడప స్థానంలోనే అంతకంటే ఎక్కువమంది ఓటర్లున్నారు. గండికోట కింద జొన్న చేలల్లో కూలికి పోయేవాడికి ఆ ఎన్నిక ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో కూడా తెలిసి ఉండదు.

దత్తమండలాలు అనే పేరు కూడా జనానికి నచ్చలేదు. దత్తం అంటే ఎవరో ఎవరికో ఇచ్చేసిందని కదా. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావుగారు ‘రాయలసీమ’ అనే పేరు సూచించారు. పేరు మారిన తొమ్మిదేళ్లకు, 1937 నవంబరులో, మద్రాసులోని శ్రీబాగ్ భవనంలో కోస్తా నాయకులూ సీమ నాయకులూ కూర్చుని ఒక ఒడంబడిక రాసుకున్నారు. అందులో నీళ్ల సంగతి ఉందని అందరికీ తెలుసు. సీట్ల సంగతి కూడా ఉంది. శాసనసభలో సాధారణ స్థానాలను జనాభాను బట్టి కాకుండా జిల్లాలవారీగా సమానంగా పంచాలని సీమవాళ్లు అడిగారు. జనం తక్కువ, కరువు ఎక్కువ; తలలు లెక్కపెట్టి సీట్లు ఇస్తే మా మాట ఎవడు వింటాడన్నది వాళ్ల భయం. ఈ భయాన్ని గుర్తు పెట్టుకోండి. చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇక 1952. మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. వయసు వచ్చిన ప్రతివాళ్లకూ ఓటు. మా జేజినాయన ఆ మొదటి ఓటు గురించి చెప్పేవాడు. ఆ ఎన్నికలో ఇప్పటిలాగా ఒకే కాగితం మీద అందరి గుర్తులూ ఉండవు. అభ్యర్థికొక పెట్టె. పెట్టె మీద గుర్తు అంటించి ఉంటుంది. చేతికిచ్చిన చీటీ రూపాయి నోటంత. మూల గదిలోకి పోయి, నచ్చిన పెట్టెలో వేసి రావాలి. కాంగ్రెసు గుర్తు కాడికి కట్టిన ఎద్దుల జత. కమ్యూనిస్టుల గుర్తు కంకి కొడవలి. వచ్చిన చిక్కల్లా కమ్యూనిస్టు అభ్యర్థి ఇంటిపేరుతో వచ్చింది. ఆయన పేరు ఎద్దుల ఈశ్వరరెడ్డి. జమ్మలమడుగు తాలూకా పెద్దపసుపుల మనిషి. ఊళ్లలో ఆయన్ను ఎద్దులాయన అంటారు. మరి ఎద్దులాయనకు ఓటు వెయ్యమంటే, చదువురాని ముసలివాళ్లు ఎద్దుల బొమ్మ ఉన్న పెట్టెలో వేసి వస్తే? ఓటు పోయి కాంగ్రెసులో పడుతుంది. మా జేజినాయన నవ్వుతూ చెప్పేవాడు: “ఇల్లిల్లూ తిరిగి అదే చెప్పినాం నాయనా. ఎద్దులాయనకు ఓటెయ్యాల, కానీ ఎద్దుల పెట్టెలో ఎయ్యాకండి, కంకి పెట్టెలో ఎయ్యండి అని. పదిసార్లు చెప్పినాక ఒక ముసలామె అడిగింది, అబ్బీ, ఆయన ఎద్దులు ఆయన పెట్టెలో ఎందుకు లేవు, ఎవరైనా తోలుకపోయినారా అని.”

ఎద్దులు ఏ పెట్టె మీద ఉన్నా, గెలిచింది ఎద్దుల ఈశ్వరరెడ్డి. ఆ ఏడాది దేశమంతా నెహ్రూ గాలి. కడప మాత్రం తన మొదటి పార్లమెంటు సభ్యుడిగా ఒక కమ్యూనిస్టును పంపింది.

1957లో సీటు కాంగ్రెసుకు మారింది. ఊటుకూరు రామిరెడ్డి గెలిచారు. ఆ ఎన్నికతోనే జిల్లాలో రెండో పార్లమెంటు స్థానంగా రాజంపేట వచ్చింది. 1962లో ఈశ్వరరెడ్డి మళ్లీ గెలిచారు. 1964లో కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలింది. చీలిన పార్టీ ఎక్కడైనా బలహీనపడుతుంది కదా. 1967లో ఆంధ్రప్రదేశ్ మొత్తంలో సిపిఐకి ఒక్కటే పార్లమెంటు సీటు దక్కింది. ఆ ఒక్కటీ కడప. 1971లో ఇందిరాగాంధీ గరీబీ హటావో అంటూ దేశాన్ని ఊపేసింది. తెలంగాణ ప్రజా సమితి పది సీట్లు గెలిచింది. ఆ హోరులో కూడా రాష్ట్రంలో సిపిఐకి మళ్లీ ఒకే ఒక్క సీటు, మళ్లీ కడపే. నాలుగుసార్లు గెలిచినా ఈశ్వరరెడ్డి ఢిల్లీలో ఎప్పుడూ అధికార పార్టీ బెంచీ మీద కూర్చోలేదు. ఇప్పటి కుర్రకారుకు కడప అంటే కమ్యూనిస్టు సీటు అని చెప్తే నమ్మరు. కానీ అయిదు ఎన్నికల్లో నాలుగు. పత్రికల భాషలో అప్పుడది కంకి కొడవలికి కంచుకోట.

ఆ కోట 1977లో పోయింది. పోయిన తీరు విచిత్రం. ఎమర్జెన్సీ మీద కోపంతో ఉత్తర భారతమంతా కాంగ్రెసును ఊడ్చేసిన ఏడాది అది. సాక్షాత్తూ ఇందిరాగాంధీ ఓడిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెసుకే వచ్చాయి. మిగిలిన ఒక్కటి మన పక్క సీటు నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి గెలిచి, కొన్ని నెలలకే రాష్ట్రపతి అయ్యారు. కడపలో కాంగ్రెసు అభ్యర్థి కందుల ఓబుల్‌రెడ్డి గెలిచారు. 1980లో ఇందిర తిరిగి వచ్చినప్పుడూ ఆయనే.

1984 చివర్లో ఇందిర హత్య తర్వాత జరిగిన ఎన్నికల్లో రాజీవ్‌గాంధీ పార్టీకి దేశంలో నాలుగు వందలకు పైగా సీట్లు వచ్చాయి. అంత పెద్ద గాలి ఆంధ్రప్రదేశ్ పొలిమేరల్లో ఆగిపోయింది. ఎన్టీఆర్ తెలుగుదేశం 30 సీట్లు గెలిచి లోక్‌సభలో అతి పెద్ద ప్రతిపక్షమైంది. ఒక ప్రాంతీయ పార్టీకి ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి. ఆ ముప్పైలో కడప ఒకటి. సైకిలు గుర్తు మీద డి. నారాయణరెడ్డి గెలిచారు. మీరు గమనించే ఉంటారు. 1952 నుంచి 1984 దాకా ఎనిమిది ఎన్నికలు, మూడు పార్టీలు, నలుగురు మనుషులు.

ఇప్పుడు 1989. పులివెందుల ఎమ్మెల్యే డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి పార్లమెంటుకు పోటీ చేశారు. పుట్టింది జమ్మలమడుగులో, పెరిగి రాజకీయం చేసింది పులివెందులలో. 1978లో రెడ్డి కాంగ్రెసు తరఫున మొదటిసారి శాసనసభకు గెలిచి, ఇందిర పార్టీలో చేరి, 1983లో ఎన్టీఆర్ ప్రభంజనంలోనూ పులివెందుల నిలబెట్టుకున్న మనిషి. 1989, 1991, 1996, 1998, నాలుగుసార్లు ఆయనే ఎంపీ. 1991లో మెజారిటీ నాలుగు లక్షల పైమాటే.

అయిదేళ్లకు వచ్చిన 1996 ఎన్నిక మాత్రం నాకు చేత్తో ముట్టుకున్నట్టు గుర్తు. అప్పటికి నేను బడిపంతుల్ని. లెక్కింపు డ్యూటీ పడింది. యంత్రాలు లేని రోజులు. పెట్టెలు విప్పి టేబుల్ మీద కుమ్మరించి, విడివిడిగా మడత తీసి, గుర్తుల ప్రకారం అరల్లో వేసి, యాభై యాభైగా కట్టి రబ్బరు బ్యాండు వెయ్యడం మా పని. తెల్లవారుజాము దాకా కట్టలు కడుతూనే ఉన్నాం. వేళ్లకు సిరా, చీటీల దుమ్ముకు ముక్కు కారుతోంది. మామూలుగా కడప లెక్కింపులో మధ్యాహ్నానికే సంగతి తేలిపోతుంది, ఓడిపోయే పక్షం ఏజెంట్లు టీ తాగడానికి పోయి తిరిగి రారు. ఆ రోజు ఎవరూ కదల్లేదు. రెండు గుర్తుల మధ్య గీత మీద పడ్డ ముద్ర ఒకటి కనిపిస్తే చాలు, రెండు పక్షాలవాళ్లూ దాని మీదికి వంగిపోయేవాళ్లు. ముద్రలో ఎక్కువ భాగం మా గడిలో ఉందని ఒకరు, కాదు మా గడిలో ఉందని ఒకరు. చివరికి తెలుగుదేశం అభ్యర్థి కందుల రాజమోహన్‌రెడ్డి మీద రాజశేఖరరెడ్డి అయిదు వేల పైచిలుకు ఓట్లతో బయటపడ్డారు. మా లెక్కలో చెప్పాలంటే నూరుకు అటూ ఇటూగా కట్టలు. అయిదేళ్ల కిందట నాలుగు లక్షలు, ఆ రోజు అయిదు వేలు. నియోజకవర్గం అదే, అభ్యర్థి ఆయనే. అప్పటినుంచి నాకు కంచుకోట అనే మాట మీద నమ్మకం పోయింది.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. ఆ దశాబ్దాల్లో మా పక్క ఎన్నికలంటే ఓటుతో పాటు భయం కూడా నడిచేది. ముఠా కక్షల ఊళ్లు. కొన్ని బూత్‌లలో రెండో పార్టీ ఏజెంటు కూర్చోవడానికి సాహసించేవాడు కాడు. ఏ ఊళ్లో ఎవరి బలముంటే ఆ ఊరి చీటీలన్నీ ఒకే వైపు. డ్యూటీ కాగితం చేతికి రాగానే మాలో కొంతమంది ముందు ఊరి పేరు చూసుకుని, ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాలా అని ఆలోచించేవాళ్లు. అన్ని పార్టీల పెద్ద మెజారిటీల్లోనూ ఈ పాలు ఎంతో కొంత కలిసి ఉంటుంది. కాబట్టి అంకెల్ని అంకెలుగానే చదివితే సగం కథే తెలుస్తుంది. కాలక్రమంలో యంత్రాలు, కెమెరాలు, కేంద్ర బలగాలు వచ్చి, చదువుకున్న పిల్లలు బెంగళూరు, హైదరాబాదు పోయి, ఆ భయం చాలావరకు పలచబడింది.

1999లో రాజశేఖరరెడ్డి పులివెందుల అసెంబ్లీకి తిరిగొచ్చారు, తమ్ముడు వివేకానందరెడ్డి పార్లమెంటుకు వెళ్లారు. 2004లో అన్న ముఖ్యమంత్రి, తమ్ముడు రెండోసారి ఎంపీ. 2009లో కొడుకు జగన్మోహన్‌రెడ్డి వచ్చారు. మెజారిటీ 1,78,846. అదే ఏడాది సెప్టెంబరు 2న హెలికాప్టరు ప్రమాదంలో రాజశేఖరరెడ్డి పోయారు. కొడుకు కాంగ్రెసు వదిలి, సీటుకు రాజీనామా ఇచ్చి, వైఎస్సార్ కాంగ్రెసు అనే సొంత పార్టీ పెట్టుకుని 2011 మేలో ఉప ఎన్నికకు వచ్చారు. ఆయనకు 6,92,251 ఓట్లు. రెండో స్థానంలో కాంగ్రెసు తరఫున అప్పటి రాష్ట్ర మంత్రి డి.ఎల్. రవీంద్రారెడ్డి, 1,46,579. తేడా 5,45,672. మూడో స్థానం తెలుగుదేశం అభ్యర్థి మైసూరారెడ్డిది. ఇద్దరికీ ధరావతు దక్కలేదు. రెండేళ్ల కిందట తాను గెలిపించిన కాంగ్రెసునే కడప ఆ రోజు ధరావతు లేకుండా పంపేసింది. ఓటు పార్టీ వెనక పోలేదు, మనిషి వెనక పోయింది. ఇంకో విశేషం, ఓడిన మైసూరారెడ్డి మరుసటి ఏడాది గెలిచినవారి పార్టీలోనే చేరారు.

అదే రోజుల్లో పులివెందుల అసెంబ్లీకీ ఉప ఎన్నిక జరిగింది. రాజశేఖరరెడ్డి భార్య విజయమ్మ ఒక పక్క, కాంగ్రెసు తరఫున ఆయన తమ్ముడు వివేకానందరెడ్డి ఇంకో పక్క. వదినా మరుదుల పోటీ. మా పక్క రచ్చబండల మీద అప్పుడు వినపడిన మాట ఒక్కటే: “ఇంటి సంగతి ఇంట్లో తేల్చుకోకుండా మనమీద పెట్టినారే.” 81 వేలకు పైగా మెజారిటీతో వదిన గెలిచింది. తర్వాత ఇల్లు మళ్లీ ఒకటైంది. 2019 మార్చి 15న, ఎన్నికలకు నెల రోజుల ముందు, వివేకానందరెడ్డి పులివెందులలో తన ఇంట్లోనే హత్యకు గురయ్యారు. ఆ కేసు కోర్టులకెక్కింది. దాని నీడ ఆ తర్వాతి ఎన్నికల మీదా పడింది.

2014 నుంచి ఎంపీ అదే కుటుంబానికి చెందిన అవినాశ్‌రెడ్డి. మొదటిసారి మెజారిటీ 1,90,323. 2019లో 3,80,726. 2024లో 62,695. ఈ చివరి అంకె దగ్గర కాసేపు నిలబడదాం. అవినాశ్‌రెడ్డికి 6,05,143. తెలుగుదేశం అభ్యర్థి చదిపిరాళ్ల భూపేశ్ సుబ్బరామిరెడ్డికి 5,42,448. కాంగ్రెసు తరఫున రాజశేఖరరెడ్డి కూతురు షర్మిలకు 1,41,039. షర్మిల, అవినాశ్‌రెడ్డి వరసకు అక్కాతమ్ముళ్లు. మూడో స్థానంలో ఉన్న అక్క ఓట్లు తమ్ముడి మెజారిటీకి రెండింతలు దాటాయి. 2011 మెజారిటీతో పోలిస్తే 2024 మెజారిటీ దాదాపు తొమ్మిదో వంతుకు దిగింది.

అంతకంటే పెద్ద విశేషం అసెంబ్లీ లెక్కలో ఉంది. కడప పార్లమెంటు కింద ఏడు అసెంబ్లీ స్థానాలు: బద్వేలు, కడప, పులివెందుల, కమలాపురం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మైదుకూరు. 2024లో పార్లమెంటు సీటు వైఎస్సార్ కాంగ్రెసుది. అసెంబ్లీలో ఆ పార్టీకి దక్కినవి పులివెందుల, బద్వేలు, రెండే. మిగతా అయిదూ తెలుగుదేశం, బీజేపీ ఉన్న కూటమివి. ఓటరు ఒకే రోజు ఒకే గదిలో రెండు మీటలు నొక్కాడు. రెండూ ఒకే గుర్తువి కావాలని ఎక్కడా లేదని గుర్తు చేశాడు. ఆ అయిదింటిలో ప్రొద్దుటూరులో గెలిచిన నంద్యాల వరదరాజులరెడ్డి 1985 నుంచి 2004 దాకా వరసగా అయిదుసార్లు గెలిచి, ఆ తర్వాత ఓటమి చూసి, పెద్ద వయసులో తెలుగుదేశం తరఫున తిరిగి గెలిచినవారు. జమ్మలమడుగులో గెలిచిన ఆదినారాయణరెడ్డి కాంగ్రెసు, వైఎస్సార్ కాంగ్రెసు, తెలుగుదేశం చూసి బీజేపీ తరఫున నిలబడినవారు. 2019లో ఎంపీగా ఓడింది ఆయనే. 2024లో ఎంపీగా నిలబడిన భూపేశ్ ఆయనకు కొడుకు వరస. మా పక్క జెండా మారినంత తొందరగా మనిషి మారడు.

ఇప్పుడు మొత్తం కూడదాం. ఉప ఎన్నికతో కలిపి 19 ఎన్నికలు. ఎనిమిది మంది ఎంపీలు. చివరి 11 ఎన్నికలూ ఒకే కుటుంబానివి. ఎనిమిది మంది పేర్ల చివరా ఒకే రెడ్డి. ఎనిమిది మందిలో ఒక్క ఆడమనిషి లేదు. ఇది ఎవర్నీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో, మగ్గాల దగ్గర, పులివెందుల అరటి, చీనీ తోటల్లో, ఎర్రగుంట్ల నాపరాళ్ల గనుల్లో ఎన్ని కులాల మనుషులు, ఎంతమంది ఆడవాళ్లు పని చేస్తారో తెలిసినవాళ్లకు ఈ అంకె ఆలోచించదగ్గదే.

ఇంకో లెక్క. ఉప ఎన్నిక పక్కన పెడితే 18 సాధారణ ఎన్నికలు. అందులో కడప ఎంపీ ఢిల్లీలో అధికార పక్షం వైపు కూర్చున్నది 1957, 1980, 1991, 2004, 2009, మొత్తం అయిదుసార్లు. మిగతా పదమూడుసార్లు అవతలి వైపే. నెహ్రూ గాలిలో కమ్యూనిస్టు, జనతా గాలిలో కాంగ్రెసు, రాజీవ్ గాలిలో తెలుగుదేశం, వాజపేయి కాలంలో కాంగ్రెసు, మోదీ కాలంలో వైఎస్సార్ కాంగ్రెసు. పార్టీ ఏదైనా కావచ్చు, ఢిల్లీ గాలికి ఎదురు నిలవడం మాత్రం ఈ సీటుకు అలవాటు. నన్నడిగితే కంచుకోట అనడం కంటే ఎదురుగాలి సీటు అనడం సరైన మాట.

ఎదురు నిలిచినందుకు ఏం దక్కిందని మీరు అడగొచ్చు. జమ్మలమడుగు పక్క ఉక్కు ఫ్యాక్టరీ కథ చూడండి. 2007లో అంబవరం దగ్గర బ్రహ్మణీ స్టీల్స్‌కు శంకుస్థాపన. 2014 విభజన చట్టంలో ఈ జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యమో కాదో చూడాలని ఒక వాక్యం. 2018 డిసెంబరులో మైలవరం మండలం కంబాలదిన్నె దగ్గర ఇంకో శంకుస్థాపన. ఏడాదికి, 2019 డిసెంబరులో, సున్నపురాళ్లపల్లె దగ్గర మరొకటి. 2023 ఫిబ్రవరిలో అక్కడే ఇంకొకటి. ముగ్గురు ముఖ్యమంత్రులు, నాలుగు శంకుస్థాపనలు. మా ఊళ్లో ఒకాయన అన్నమాట ఇది: “ఏసిన రాళ్లన్నీ ఒకచోట పేర్చింటే ఈపాటికి గోడన్నా లేచిండు.” కాబట్టి ఎదురుగాలి సీటైనా, అనుకూల గాలి సీటైనా, ఓటు వేసినంత మాత్రాన ఫ్యాక్టరీ పొగ గొట్టం లేవదని మేం నేర్చుకున్నాం.

శ్రీబాగ్ భయం దగ్గరికి వస్తానన్నాను. పార్లమెంటు నియోజకవర్గాలు శాశ్వతం కాదు. 1952లో పెనుకొండ ఉండేది, పోయింది. మార్కాపురం కొన్నాళ్లుండి పోయింది. 2008 పునర్విభజనలో బొబ్బిలి, పార్వతీపురం, భద్రాచలం, తెనాలి, సిద్దిపేట, హన్మకొండ, మిర్యాలగూడ పోయాయి. ఆ ఏడాది కడప తన ఏడు అసెంబ్లీలతోనే నిలిచింది, బద్వేలు మాత్రం ఎస్సీలకు రిజర్వయింది. రాష్ట్రాలకు ఎన్ని సీట్లన్న లెక్కను 1976లో ఆపి ఉంచారు, తర్వాత ఆ గడువు పొడిగించారు. ఇప్పుడు 2027 జనగణన. దాని తర్వాత పునర్విభజన మాట. తలలు లెక్కపెట్టి సీట్లిస్తే మా మాట ఎవరు వింటారని 1937లో సీమ నాయకులు కోస్తా వైపు చూసి అడిగారు. ఇప్పుడు దక్షిణాది రాష్ట్రాలన్నీ ఉత్తరాది వైపు చూసి అదే ప్రశ్న అడుగుతున్నాయి. 2023లో వచ్చిన మహిళా రిజర్వేషన్ సవరణను కూడా పునర్విభజనకే ముడిపెట్టారు. ఆ ఎనిమిది పేర్ల జాబితా మారే దారి కూడా అక్కడే ఉంది. కొత్త గీతల్లో కడప అనే స్థానం ఇలాగే ఉంటుందో, దత్తమండలాల స్థానంలా పాత కాగితాల్లోకి పోతుందో కాలమే తేల్చాలి.

చివరగా ఒక దృశ్యం చెప్పి ముగిస్తాను. గండికోట గండి దగ్గర పెన్నేటికి అడ్డంగా ఆనకట్ట కట్టారు. జలాశయం నిండితే 26.85 టీఎంసీలు. నీళ్లు నిండుతున్న కొద్దీ వెనక ఊళ్లు ఖాళీ అయ్యాయి. తాళ్లప్రొద్దుటూరు అలాంటిదే. 2020లో ఇళ్లు వదిలి రావాల్సి వచ్చిన జనం పునరావాస కాలనీల్లో ఉన్నారు. కాలనీకి పాత ఊరి పేరే పెట్టుకున్నారు. 2024 ఎన్నికల రోజు పొద్దున్నే అటు వెళ్లాను. బడి ముందర వరస. ఓటేసి బయటికొచ్చిన ఒక పెద్దాయన వేలి మీద సిరా ఆరబెట్టుకుంటూ నా పక్కన కూర్చున్నాడు. ఎవరికి వేశావని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కాసేపాగి ఆయనే అన్నాడు: “సామీ, ఇల్లు నీళ్లల్లో ఉంది. గుడి నీళ్లల్లో ఉంది. నేను మొట్టమొదట ఓటేసిన బడి కూడా నీళ్లల్లోనే ఉంది. ఓటరు లిస్టులో మాత్రం ఊరు ఉంది చూడు.”

మీర్ జుమ్లా ఫిరంగులు పోయాయి, దత్తమండలాల స్థానం పోయింది, ఎద్దుల పెట్టె పోయింది. నీళ్ల కింద ఉన్న ఊరు మాత్రం ఓటరు జాబితాలో ఒక పేజీ మీద ఇంకా బతికే ఉంది. ఆ పేజీలో పేరున్న మనిషి పొద్దున్నే లేచి వరసలో నిలబడినంత కాలం ఏ కోటా కంచుది కాదు.